మళ్లీ ఆపరేషనా?

‘ఏందక్కా, మళ్ల దొడ్డుగైనవ్? లచ్చలు పోసి కోపిచ్చుకుంటివి, ఏమొచ్చె?’

బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకుని, బాగా తగ్గి, మళ్లీ పెరిగినవాళ్లకు గద్వాలలోనైనా వనపర్తిలోనైనా ఏ పెళ్లికి వెళ్లినా ఎదురయ్యే పలకరింపు ఇలాగే ఉంటుంది. అడిగినవాళ్లు అడిగేసి భోజనాల వైపు వెళ్లిపోతారు. మాట పడినవాళ్లకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టదు. చుట్టాలకు మొహం చూపించడమే కష్టమనిపించేవాళ్లు, ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి మాత్రం ఎలా వెళ్తారు? వెళ్లరు. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది.

పాలమూరంటే కరువు, వలస. పని కోసం ముంబయి, పుణెలకు బస్సులెక్కిన జిల్లా. 2016 అక్టోబరులో ఆ ఉమ్మడి జిల్లా నుంచే జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు విడివడ్డాయి. అలాంటి చోట ఊబకాయం గురించి మాట్లాడటం ఒకప్పుడు వింతగా ఉండేదేమో. ఇప్పుడు కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణ ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ ప్రతి పది మందికి దాదాపు ముగ్గురు ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. ఆ బరువు వెంటే షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు, గురక. వాటి వెంట హైదరాబాద్ ప్రయాణం, బేరియాట్రిక్ సర్జరీ.

వనపర్తిలో 46 ఏళ్ల టీచరమ్మ ఒకరు ఉన్నారనుకోండి. ఎత్తు 152 సెంటీమీటర్లు. ఆరేళ్ల కిందట బరువు 108 కిలోలు. హైదరాబాద్ వెళ్లి స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నారు. ఏడాదిన్నర తిరిగేసరికి 74 కిలోలకు దిగారు. షుగరు మాత్ర మానేశారు. స్కూలు మెట్లు ఆగకుండా ఎక్కారు. పాత జాకెట్లన్నీ కుట్లు వేయించుకున్నారు. నాలుగో ఏడు నుంచి ముల్లు మళ్లీ పైకి కదిలింది. ఇప్పుడు 95. షుగరు మాత్ర తిరిగొచ్చింది. ‘ఇంకోసారి చేస్తే తగ్గుతుందట’ అని ఒకరంటారు. ‘మళ్లీ పొట్ట కోయించుకుంటావా, నీకేమైనా పిచ్చా?’ అని ఇంకొకరు కసురుతారు. ఆమె ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా వినే ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది. మొదటిసారి ఫెయిలైంది ఏమిటి? ఆపరేషనా? ఆ తర్వాత ఏళ్ల తరబడి ఉండాల్సిన ఆలనాపాలనా? లేక జబ్బే తిరగబెట్టిందా? మూడూ వేర్వేరు. రెండోసారి కత్తి సరిచేయగలిగేది ముఖ్యంగా మొదటిదాన్నే.

ఎంత పెరిగితే ఫెయిలు?

టీచరమ్మ ఎత్తుకు బీఎంఐ 25 లెక్కన ఉండాల్సిన బరువు దాదాపు 58 కిలోలు. అంటే ఆపరేషన్ నాటికి ఆమె ఒంట్లో 50 కిలోలు అదనం. ఆ అదనంలో కనీసం సగం తగ్గితే పాసు, లేకపోతే ఫెయిలు అన్నది సర్జన్లు చాలాకాలం వాడిన కొలబద్ద. 74కు దిగినప్పుడు ఆమె తగ్గింది 34 కిలోలు, అంటే 68 శాతం. ఫస్ట్ క్లాసే! 95కు చేరాక మిగిలిన తగ్గుదల 13 కిలోలు, 26 శాతం. కొలబద్ద ప్రకారం ఫెయిలు.

కానీ ఆ కొలబద్దే కాస్త కరుకు. ఫిన్లాండులో 2008-10 మధ్య 240 మందికి స్లీవో, బైపాసో చేసి పదేళ్లు వెంటపడి చూశారు. పదేళ్ల చివర అదనపు బరువులో తగ్గుదల స్లీవ్ వాళ్లలో మధ్యస్థంగా 43.5 శాతం, బైపాస్ వాళ్లలో 50.7 శాతం. అంటే స్లీవ్ చేయించుకున్నవాళ్లలో సగానికి పైగా ఈ పరీక్ష తప్పినట్టే. అలాగని వాళ్లకు ఆపరేషన్ వల్ల మేలే జరగలేదని ఏ డాక్టరూ అనరు. తగ్గిన షుగరు, బీపీ, కొన్నేళ్లపాటు బరువు మోయని మోకాళ్లు... ఇవన్నీ లెక్కలో ఉంటాయి.

ఆపరేషన్ తర్వాత ఏడాదిన్నర, రెండేళ్లకు బరువు అన్నిటికంటే కిందికి చేరుతుంది. ఆ తర్వాత కొన్ని కిలోలు తిరిగి రావడం మామూలే. నాలుగైదు కిలోలు పెరగ్గానే ఇంకో ఆపరేషన్ గురించి ఆరా తీసేవాళ్లకు సర్జన్ కంటే ముందు కావాల్సింది కాస్త నిదానం. టీచరమ్మది వేరే సంగతి. 21 కిలోలు, దాంతోపాటు షుగరు. ఆమె డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. సిగ్గుపడకుండా వెళ్లాల్సిందే.

లోపల ఏం జరిగింది?

స్లీవ్‌లో పొట్టలో మూడొంతులకు పైగా కోసి తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యే పైభాగం కూడా దాంతోపాటే పోతుంది. అందుకే మొదట్లో ఆకలే ఉండదు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గొట్టం కొంత సాగుతుంది. కొందరిలో మొదటి ఆపరేషన్‌లోనే పైభాగం కొంత మిగిలిపోయి ఉంటుంది. బైపాస్‌లో అయితే చిన్న సంచిలా చేసిన పొట్టను నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. అక్కడ ఆ సంచి గానీ, కలిపిన చోటు గానీ వెడల్పు కావచ్చు. ఇవి ‘ఆపరేషన్ ఫెయిల్’ కిందికి వస్తాయి. ఇవి ఉన్నాయో లేవో తెలియాలంటే ఎండోస్కోపీ చేయాలి, బేరియం లాంటి మందు తాగించి ఎక్స్‌రే తీయాలి. కొన్నిచోట్ల సీటీ స్కాన్‌తో పొట్ట ఎంత సాగిందో కొలుస్తారు. ఈ పరీక్షలు లేకుండా బరువు ముల్లు మాత్రమే చూసి ‘మళ్లీ చేసేద్దాం’ అన్న డాక్టరు దగ్గర నుంచి మర్యాదగా లేచి వచ్చేయడమే మంచిది.

రెండో ఆపరేషన్‌కు గట్టి కారణం ఒక్కోసారి బరువు కానే కాదు, గుండెల్లో మంట. స్లీవ్ తర్వాత పొట్ట సన్నటి గొట్టమై లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆమ్లం పైకి తన్నుతుంది. పుల్లటి తేన్పులు, పడుకుంటే దగ్గు, గొంతులోకి నీళ్లు. ఇందాకటి ఫిన్లాండు పరిశీలనలోనే పదేళ్లకు అన్నవాహిక పుండ్లుపడ్డవాళ్లు స్లీవ్‌లో 31 శాతం, బైపాస్‌లో 7 శాతం. మాత్రలకు లొంగని ఈ మంటకు స్లీవ్‌ను బైపాస్‌గా మార్చడం చాలామంది సర్జన్లు ఒప్పుకునే మందు. టీచరమ్మకు ఎండోస్కోపీలో ఇలాంటిది కనిపిస్తే నిర్ణయం సగం తేలిపోయినట్టే. పాతకాలపు బ్యాండ్ జారిపోయినా, పొట్ట గోడను కోసుకుని లోపలికి దిగినా తీయించక తప్పదు. ఇక పొట్టలో బెలూన్ పెట్టించుకుని, ఆరు నెలలకు తీసేశాక బరువు పెరిగినవాళ్లది అసలు సర్జరీ ఫెయిల్ కానే కాదు, వాళ్లకు జరిగింది సర్జరీ కాదు కాబట్టి.

స్లీవ్ పుట్టుక చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. మొదట్లో అది సగం ఆపరేషన్! విపరీతమైన బరువున్నవాళ్లకు ఒకేసారి పెద్ద ఆపరేషన్ చేస్తే ప్రాణాపాయమని, ముందు పొట్ట కోసి, బరువు తగ్గాక పేగుల పని రెండో విడతలో చేసేవారు. కొందరు మొదటి విడతతోనే బాగా తగ్గడంతో అదే ఒక ఆపరేషన్‌గా స్థిరపడింది. కాబట్టి చాలా ఎక్కువ బరువుతో మొదలైనవాళ్లకు రెండో విడత అవసరం రావడంలో తల దించుకోవాల్సిందేమీ లేదు.

బరువు తిరగబెట్టడానికి పేరున్నవాళ్లూ లేనివాళ్లూ అన్న తేడా లేదు. ఫుట్‌బాల్ వీరుడు మారడోనా 2005లో కొలంబియాలోని కార్టహేనాలో బైపాస్ చేయించుకున్నాడు. బాగా తగ్గాడు. పదేళ్లకు, 2015లో, వెనెజువెలాలో మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కాడు. స్వీడన్‌లో 1987లో మొదలైన ఒక పెద్ద పరిశీలనలో 2 వేల మందికి పైగా ఆపరేషన్ చేసి పాతికేళ్లకు పైగా గమనించారు. బ్యాండ్ వేయించుకున్నవాళ్లలో 40.7 శాతం, పొట్టను నిలువునా స్టేపుల్ చేసే పాత పద్ధతిలో 28.3 శాతం మందికి ఏదో ఒక రూపంలో తిరిగి సర్జరీ చేయాల్సి వచ్చింది. బైపాస్‌లో అది 7.5 శాతమే. కాబట్టి ‘నాకొక్కదానికే ఇలా అయ్యింది’ అని టీచరమ్మ కుమిలిపోనక్కర్లేదు.

అయితే రెండోసారి లోపలికి వెళ్లే సర్జన్‌కు మొదటిసారి కనిపించిన పొట్ట కనిపించదు. పాత కుట్ల చుట్టూ అవయవాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఒకసారి కోసి కలిపిన కండకు రక్తం అందేదీ తక్కువే. అందుకే కుట్లు లీకయ్యే ప్రమాదం, ఆస్పత్రిలో ఎక్కువ రోజులు ఉండాల్సి రావడం మొదటిసారి కంటే ఎక్కువ. తగ్గే బరువు మాత్రం సాధారణంగా మొదటిసారి కంటే తక్కువ. ‘పోయినసారి 34 తగ్గాను, ఈసారీ అంతే’ అనుకుని వెళ్తే నిరాశే. ఇలాంటివి తరచూ చేసే చేయి కావాలి. ‘ఏడాదికి రివిజన్ కేసులు ఎన్ని చేస్తారు? లీకైనవి ఎన్ని?’ అని సర్జన్‌ను అడగడం అమర్యాద కాదు.

జారిపోయే తిండి

ఇప్పుడు రెండో రకం ఫెయిల్. స్లీవ్ చేయించుకున్నవాళ్లకు మొదట్లో జొన్నరొట్టె దిగదు. మాంసం ముక్క ఛాతీలో ఆగినట్టుంటుంది. వాంతి అవుతుందేమోనని భయం. చాయ్, అందులో ముంచిన బిస్కట్, మురుకులు, ఐస్‌క్రీం, పాయసం మాత్రం జారిపోతాయి. పొట్ట ఎంత చిన్నదైనా జారిపోయేదాన్ని ఆపదు. మూడు పూటలా రొట్టె తిన్నప్పటి కంటే రోజంతా కొంచెం కొంచెంగా మింగే ఈ మెత్తటి తిండిలోనే కేలరీలు ఎక్కువ. ‘నేను తినేది ఇంతే డాక్టర్‌గారూ’ అని చిన్న గిన్నె చూపించేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఆ గిన్నెలో ఏముందో, రోజుకు ఎన్నిసార్లు నిండుతుందో అడిగినవాళ్లే లేరు.

రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ తినమంటారు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములు. పప్పు, పెరుగు, గుడ్లు, చేపలు, చికెన్ ఎలా కలిపితే ఆ 60 వస్తాయో దగ్గర కూర్చుని చెప్పే డైటీషియన్ కావాలి. డిశ్చార్జి రోజున చేతిలో పెట్టే అచ్చు కాగితంలో ఓట్సూ, పనీరూ ఉంటాయి. సంగటి, రొట్టె, పచ్చిపులుసు ఉండవు. మూడో నెల తర్వాత ఆ కాగితం ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

మాటలతో పొడిచేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది మూడో రకం. ఊబకాయం నోరు కట్టుకోలేకపోవడం కాదు, తిరగబెట్టే గుణమున్న జబ్బు. బరువు తగ్గగానే ఒళ్లు దాన్ని కరువనుకుంటుంది. ఖర్చు చేసే శక్తిని తగ్గించి, ఆకలిని పెంచుతుంది. దానికి థైరాయిడ్ లోపమో, స్టెరాయిడ్లో, కొన్ని మానసిక జబ్బుల మందులో, ఇన్సులినో తోడైతే చెప్పక్కర్లేదు. భర్త పోయిన దిగులు, నెలసరి ఆగే వయసు, రాత్రి సరిగా పట్టని నిద్ర కూడా బరువు మీద ప్రభావం చూపుతాయి. వీటిలో ఏదీ పొట్ట కోస్తే పోయేది కాదు.

ఎండోస్కోపీలో పొట్ట బాగానే ఉందని తేలితే టీచరమ్మకు ఇవాళ ఇంకో దారి ఉంది. ఆరేళ్ల కిందట అది ఇంతగా లేదు. వారానికి ఒకసారి చేసుకునే ఇంజెక్షన్లు 2025లో మన దేశంలోకి వచ్చాయి. మార్చిలో మౌంజారో పేరుతో టిర్జెపటైడ్, జూన్‌లో వెగోవీ పేరుతో సెమాగ్లూటైడ్. ఆపరేషన్ తర్వాత సరిగా తగ్గనివాళ్ల మీద ఇదే కుటుంబానికి చెందిన పాత మందు లిరాగ్లూటైడ్‌ను లండన్‌లో పరీక్షించారు. 24 వారాల్లో మందు వాడినవాళ్లు సగటున 8.8 శాతం బరువు తగ్గారు, ఉత్తుత్తి మందు వాడినవాళ్లు అర శాతం. ఫలితాలు 2023లో వెలువడ్డాయి. ఖర్చు నెలనెలా ఉంటుంది. మానేస్తే బరువు చాలావరకు తిరిగొస్తుంది. వికారం, వాంతులు కొందరిని బాగా ఇబ్బంది పెడతాయి. గర్భంతో ఉన్నవాళ్లు, కొన్ని రకాల థైరాయిడ్ క్యాన్సర్ ఇంట్లో ఉన్నవాళ్లు వాడకూడదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే సరుకు కాదిది. అయినా రెండో కత్తికి ముందు దీన్ని ప్రయత్నించవచ్చా అని డాక్టర్‌ను అడిగి తీరాలి.

బస్సు చార్జీలూ లెక్కే

గద్వాల నుంచి హైదరాబాద్ దాదాపు 190 కిలోమీటర్లు. వనపర్తి నుంచి 150. నాగర్‌కర్నూలు పట్టణానికి రైలే లేదు. వనపర్తి రోడ్ అని స్టేషనుంది గానీ అది వనపర్తిలో లేదు! గద్వాలవాళ్లకు కర్నూలో రాయచూరో దగ్గర. ఆపరేషన్ తర్వాత నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి, ఆపైన ఏటా ఒకసారి చూపించుకోవాలి. మొదటి రెండుసార్లు అందరూ వెళ్తారు. ఆ తర్వాత బడికి సెలవు దొరకదు, పత్తి క్రాసింగ్ రోజులొస్తాయి, మగ్గం మీద చీర సగంలో ఉంటుంది. వెంట రావాల్సిన కొడుకు ‘ఇప్పుడు బాగానే ఉన్నావు కదమ్మా’ అంటాడు. రెండో ఆపరేషన్ గురించి ఇంట్లో కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఆస్పత్రి ప్యాకేజీ ఒక్కటే వేసుకోకూడదు. ఐదేళ్ల ప్రయాణాలు, వెంట వచ్చేవాళ్ల కూలి, జీవితాంతం వేసుకోవాల్సిన విటమిన్లు కూడా ఆ కాగితం మీదే రాయాలి. అంతా కలిపాక అమ్మో అనిపిస్తే, అది ఆపరేషన్ బల్ల మీద కాకుండా ఇంట్లోనే అనిపించడం మేలు.

ముఖ్యంగా స్లీవ్‌ను బైపాస్‌గా మారిస్తే ఐరన్, బీ12, కాల్షియం, విటమిన్ డి ఒంటికి పట్టడం ఇంకా తగ్గుతుంది. తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి ముందే రక్తహీనత ఉందని అదే కుటుంబ సర్వే చెబుతోంది. ఆపైన మాత్రలు మానేస్తే కళ్లు తిరగడం, కాళ్ల తిమ్మిర్లు, ఎముకల నొప్పులు. ఇక మోకాళ్ల నొప్పికి ఆర్ఎంపీ ఇచ్చే బిళ్లల సంగతి. బైపాస్ అయినవాళ్లు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు వాడితే పేగు కలిపిన చోట పుండుపడి రక్తం కారవచ్చు. బీడీ, సిగరెట్టూ అంతే. బైపాస్ తర్వాత మద్యం త్వరగా నెత్తికెక్కుతుంది, అలవాటూ త్వరగా ముదురుతుంది. కల్లు కూడా మద్యమే.

దూరాన్ని కొంత తగ్గించుకునే వీలుంది. వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఎండోస్కోపీ, రెండో ఆపరేషన్ లాంటివాటికి పెద్ద ఊరికి వెళ్లక తప్పకపోయినా హిమోగ్లోబిన్, షుగరు, కిడ్నీ పరీక్షలు, బరువు, బీపీ ఇక్కడే చూపించుకోవచ్చు. ఆ రిపోర్టులు ఫోన్‌లో సర్జన్‌కు పంపిస్తే చూస్తారా అన్నది ఒప్పుకునే ముందే తేల్చుకోవాలి. డబ్బు లేదని ఆశ వదులుకునే ముందు హైదరాబాద్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో విచారించడం మంచిది. ఉస్మానియా సర్జన్లు 2023లో 200 కిలోలు దాటిన ఒకరికి ఈ ఆపరేషన్ చేశారు. బీమా ఉన్నవాళ్లకు ఇంకో నియమం. బీమా నియంత్రణ సంస్థ 2019లో పెట్టిన ప్రామాణిక షరతు ప్రకారం ఊబకాయం సర్జరీకి పాలసీ వర్తించాలంటే బీఎంఐ 40 అయినా ఉండాలి, లేదా 35 దాటి అదుపులేని షుగరు, గుండెజబ్బు, తీవ్రమైన నిద్ర శ్వాస సమస్య లాంటివి ఉండాలి. ఇప్పుడు 95 కిలోల టీచరమ్మ బీఎంఐ 41. లెక్కలోకి వస్తారు. అయినా రెండోసారి సర్జరీకి ఇస్తారా లేదా అన్నది కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఏజెంటు నోటి మాట చాలదు.

చివరగా ఒక కాగితం సంగతి. రెండోసారి చూసే సర్జన్ మొట్టమొదట అడిగేది పాత ఆపరేషన్ నోట్స్. చాలామంది దగ్గర డిశ్చార్జి సమ్మరీ తప్ప అది ఉండదు. పొట్ట ఎంత వదిలారు, పేగు ఎన్ని సెంటీమీటర్లు తప్పించారు, హెర్నియా ఉంటే కుట్టారా లేదా అన్నది అందులోనే ఉంటుంది. వైద్యుల వృత్తి నియమావళి 2002 ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు దాచాలి. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. బరువు తిరిగి పెరగడం మొదలయ్యేది సరిగ్గా ఆ మూడేళ్లు దాటే వేళకే. అందుకే ఆపరేషనై ఏడాదో రెండేళ్లో అయినవాళ్లు, బరువు బాగానే ఉన్నా సరే, ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు రికార్డుల విభాగంలో ఒక అర్జీ రాసిచ్చి నోట్స్ కాపీ తెచ్చుకోవాలి. ఒక ఫొటో తీసి కొడుకు ఫోన్‌లోనూ ఉంచాలి.